ఎడమ పక్క గీత

గీత ముందు కంటికి కనపడలేదు, వేలికి తగిలింది. షాపుకి బయల్దేరే ముందు కారు తుడుచుకోవడం అన్నయ్యకి అలవాటు. తడిగుడ్డ చక్రం మీదికి పోగానే ఒక పోగు ఎక్కడో పట్టుకుని చిరిగింది. గొంతుక్కూచుని, ఎడమ పక్క ముందు చక్రం రిమ్ము అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చాడు. వెనక్కి తెచ్చాడు. మళ్లీ పోనిచ్చాడు. కటింగు మాస్టరు మరి. తానులో నేత తప్పు వెతికేటప్పుడు కూడా కళ్లు ఎటో పెట్టుకుని వేలితోనే చూస్తాడు.

"ఒరేయ్ చిన్నోడా! ఇలా రా."

జుట్టు సగం నెరిసినా ఆ ఇంట్లో తమ్ముడు చిన్నోడే. మేడ మీది గదిలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చాడు.

"ఏంటిది?"

చిన్నోడు వంగి చూశాడు. వెండిరంగు రిమ్ము అంచు మీద అరచేయంత పొడుగున గీరుకుపోయి ఉంది. ఒకచోట లోహం లేచి రంపపు పళ్లలా నిలబడింది.

"ఏదో గట్టుకి రాసుకున్నట్టుంది," అన్నాడు.

"రాసుకున్నట్టుందా? ఒళ్లు దురద పుట్టి దానంతటదే పోయి రాసుకుందా?"

"నేనైతే ఎక్కడా తగిలించలేదన్నయ్యా."

"మరి నేను తగిలించానా?"

ఈ ప్రశ్నకి ఆ ఇంట్లో జవాబు ఉండదు. ఆ కారు నడిపేది ఇద్దరే. అన్నయ్య షాపుకి పోయి రావడానికి, చిన్నోడు అమ్మని మోకాలి వ్యాయామానికి ఆసుపత్రికి తీసుకుపోవడానికి. ఇద్దరిలో ఒకడు తప్పు చెయ్యడని ముందే తేలిపోయాక ఇంక విచారణ ఎంతసేపు?

"ఎన్నిసార్లు చెప్పాను ఎడమ పక్క చూసుకోమని? కుడి పక్క ఎవడైనా చూసుకుంటాడు. ఎడమ పక్క చూసుకునేవాడే డ్రైవరు."

అన్నయ్య లోపలికి వెళ్లి, తలుపు పక్క మేకుకి ఉన్న తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అరవలేదు. అరిస్తే తిరిగి అరవొచ్చు. "ఇక నుంచి అమ్మని నేనే తీసుకెళ్తా," అన్నాడు, అంతే. బయటికి వస్తూ భుజం గుమ్మానికి కొట్టుకుంటే గుమ్మాన్ని కూడా ఒక చూపు చూశాడు, అదేదో అడ్డం వచ్చినట్టు.

ఖాళీ మేకుని చూస్తూ చిన్నోడు అలాగే నిలబడ్డాడు. తినేది అన్న ఇంట్లో, పడుకునేది అన్న మేడ మీద, ఇస్త్రీ చేసేది అన్న షాపులో. ఎవర్నీ అడక్కుండా తన చేతికి అందేది ఆ మేకుకి ఉన్న తాళంచెవి ఒక్కటే. స్టీరింగు వెనక కూర్చున్న కాసేపు, పక్క సీట్లో అమ్మ "మెల్లగా పోనీరా" అంటే, ఆ మాట తనకే చెప్పింది. ఇప్పుడు అదీ పోయింది.

అమ్మ మంచం మీద కూర్చుని ఒంటరి పేక పరుచుకుంటోంది. మోకాలికి ఆపరేషను అయిన దగ్గర్నుంచి అదే ఆమెకి కాలక్షేపం.

"అమ్మా, నిన్న మనం వచ్చేటప్పుడు ఎక్కడైనా గీరుకున్నట్టు వినిపించిందా?"

అమ్మ ఇస్పేటు రాజు మీద ఆఠీను రాణిని పెట్టి, ఆలోచించింది. "కర్రుమంది ఒకచోట."

"ఎక్కడ?"

"నువ్వు పాట పెట్టావు కదరా. పాటలోనే కర్రుమందేమో."

"సరిగ్గా చెప్పమ్మా. బండి కర్రుమందా, పాట కర్రుమందా?"

"ఏమో. నా మోకాలే కర్రుమందేమో. అదీ అంటుంది అప్పుడప్పుడు."

వంటింట్లోంచి వదిన నవ్వింది. "సాక్షి భలే దొరికింది మరిదీ నీకు! పోనీ, తగిలించానని ఒప్పుకో, ఆయన కోపం సాయంత్రానికి పోతుంది. లేదంటావనుకో, అలా నానుతూనే ఉంటుంది."

"చెయ్యందే ఎలా ఒప్పుకోను వదినా?"

"చెయ్యలేదని నీకు గట్టిగా తెలుసా?"

తెలుసు అందామని నోరు తెరిచాడు. ఆసుపత్రి మలుపు దగ్గర ఎదురుగా ఆటో వస్తే కొంచెం పక్కకి తీసిన మాట నిజం. అక్కడ ఫుట్‌పాత్ అంచు ఎత్తుగా ఉంటుంది. తగిలిందా? తగిలితే స్టీరింగుకి తెలియదా? తెలిసీ పట్టించుకోలేదా? చెప్పుల కోసం మేడ మీదికి వెళ్లాడు.

షాపులో మధ్యాహ్నం దాకా ఇస్త్రీపెట్టె కిందే తల పెట్టుకున్నాడు. ఎదురుగా కాజాల తాత స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో దారపు రీళ్ల పెట్టె పెట్టారు. అన్నయ్య కన్నా ముందు నుంచి ఆ స్టూలు మీద ఉన్న మనిషి. పోయిన వారం ఒక పెళ్లికొడుకు కోటుకి కాజాలు ఎగుడుదిగుడుగా పడ్డాయి. "సుద్ద గీత మీదే కోశాను మాస్టరూ," అన్నాడు తాత. గీత పెట్టింది అన్నయ్య. అంటే ఆ మాటకి అర్థం ఏమిటో షాపులో అందరికీ తెలుసు. ఎవరూ తల ఎత్తలేదు. "నీ కళ్లు పోయాయి తాతా, ఇంట్లో కూర్చో," అన్నాడు అన్నయ్య. తాత సూదులు ఒక్కొక్కటీ గుడ్డకి గుచ్చి, ఆ గుడ్డ చుట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు చిన్నోడికి అది తాత గొడవ. ఇప్పుడు ఇస్త్రీ మడత మీద ఆవిరి లేస్తుంటే, తాత గొంతు చెవిలో పడుతోంది. గీత మీదే కోశాను. గీత మీదే. ఆ మాట అన్నప్పుడు తాతకి కూడా కొంచెం అనుమానం ఉండే ఉంటుందా, తన మీద తనకి?

టీ వచ్చింది. అన్నయ్య కత్తెర దించకుండానే ఎడమ చెయ్యి చాపాడు. గాజు గ్లాసు వేళ్లకి తగిలి బల్ల మీంచి పడింది.

"అంచున పెడతాడేంటి వీడు!" అని టీ తెచ్చినవాణ్ణి తిట్టాడు. గ్లాసు అంచున లేదు. చిన్నోడు చూశాడు. చూశాడు గానీ, ఈ రోజు తన చూపు మీద తనకే నమ్మకం లేదు.

టైర్ల షాపు అతను చిన్నోడికి స్నేహితుడు. సెల్‌ఫోనులో తీసిన ఫొటో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పగులు ఉందా? గోరు లోపలికి దిగుతోందా?"

"లేదు. ఒట్టి గీరుడే."

"పగిలితే ఇంట్లో ముట్టుకోకు, నా దగ్గరికి తీసుకురా. ఒట్టి గీరుడైతే దీనికి నేనెందుకు? చక్రం విప్పే పని కూడా లేదు. టైరుకీ రిమ్ముకీ మధ్య చుట్టూ పేకముక్కలు దోపు. టైరుకి రంగంటదు. లేచిన ముళ్లు ఆకురాయితో దించు, ఉప్పు కాగితం కొట్టు, లప్పం పెట్టు, మళ్లీ కొట్టు, రంగు ఎయ్యి. ఓపిక ఒక్కటే నీ దగ్గర ఉండాల్సింది. ఉందా?"

"అదొక్కటే ఉంది."

"అవును గానీ, నువ్వు తగిలించకపోతే నువ్వెందుకు బాగుచెయ్యడం?"

చిన్నోడు ఫోను వెనక్కి తీసుకున్నాడు. గీత పోతే గొడవ పోతుంది, తాళంచెవి మేకు మీదికి వస్తుంది అనుకున్నాడు. బయటికి చెప్పబోతే అది లంచం ఇచ్చినట్టు వినపడింది. ఉప్పు కాగితం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

ఆదివారం షాపు సెలవు. పొద్దున్నే కారుని షెడ్డులో కుడి గోడకి దగ్గరగా పెట్టించి, ఎడమ చక్రం పక్కన గోనెపట్టా పరుచుకున్నాడు. పెట్టించాడంటే, అన్నయ్యే పెట్టాడు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

"అమ్మా, నీ పేక కావాలి."

"దేనికి?"

"చక్రానికి."

"చక్రం పేకాడుతుందా?" అని, సగం కట్ట లెక్కపెట్టి ఇచ్చింది. "బొమ్మముక్కలు జాగ్రత్త. రాణి ఒక్కటి పోయినా నా ఆట తెమలదు."

ముందు సబ్బునీళ్లు, అరిగిపోయిన పళ్ల బ్రష్షు. బ్రేకుల నల్లటి మసి ఒక పట్టాన వదల్లేదు. కడిగి, తుడిచి, ఆరాక థిన్నరు గుడ్డతో ఇంకోసారి తుడిచాడు. జిడ్డు మీద రంగు నిలవదు. తర్వాత పేకముక్కలు. టైరు పెదవిని బొటనవేలితో అణిచి, రిమ్ము అంచు కింద ఒక్కో ముక్కా దోపుకుంటూ పోయాడు. పని అయ్యేసరికి చక్రం చుట్టూ రాజులు, రాణులు, జాకీలు పూరేకుల్లా విచ్చుకుని నిలబడ్డారు. టైరు మీద పాత పేపరు కప్పి టేపు అంటించాడు.

ఆకురాయి ఆనించబోయి ఆగాడు. గీత లోతులో ఏదో ఉంది. సూదిమొనతో గీకి వేలి మీద వేసుకున్నాడు. ఎర్రటి పొట్టు.

ఆసుపత్రి దగ్గర ఫుట్‌పాత్‌కి రంగు లేదు, ఒట్టి సిమెంటు. ఎర్ర రంగు ఉన్నది తమ గేటు పక్క గట్టుకే. ఈమధ్యనే అన్నయ్య దగ్గరుండి వేయించాడు, ఎవరూ తగిలించకూడదని.

లేచి గేటు దగ్గరికి వెళ్లాడు. గట్టు మూల మీద, మోకాలి కిందకి, రంగు చెక్కుకుపోయి లోపలి సిమెంటు కనిపిస్తోంది. ఒకచోట కాదు. ఒకదాని మీద ఒకటి చాలా గీతలున్నాయి. ఇంతకాలం ఈ గేట్లోంచే వస్తూ పోతూ ఒక్కసారీ చూడలేదేమిటి? ఇన్నిసార్లు తగిలించింది ఎవరు? నేనా? ఇన్నిసార్లు తగిలించి ఒక్కసారి కూడా తెలుసుకోలేనంత మొద్దుబారిపోయానా? అమ్మని గేటు బయటే దింపి, ఆమె కర్ర పట్టుకుని లోపలికి వెళ్లాకే బండి తిప్పుతాడు తను. మెల్లగానే తిప్పుతాడు. అనుకుంటున్నాడు. అనుకోవడానికీ తిప్పడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఎవరు చెప్పాలి?

మళ్లీ వచ్చి పనిలో కూర్చున్నాడు. చేతులకి ఈ గొడవ పట్టలేదు, వాటి పని అవి చేసుకుపోయాయి. లేచిన ముళ్లని ఆకురాయి ఒకే పక్కకి లాగి దించాడు. గరుకు ఉప్పు కాగితం చిన్న చెక్కముక్కకి చుట్టి, రిమ్ము వంపు చెడకుండా కొట్టాడు. లప్పంలో గట్టిపడే మందు బఠాణీ గింజంత కలిపి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గాట్లలోకి అదిమాడు. అది రాయిలా బిగిశాక నున్న కాగితం నీళ్లలో ముంచి మళ్లీ కొట్టాడు. కళ్లు మూసుకుని బొటనవేలు పోనిచ్చాడు. ఎక్కడ గీత ఉండేదో వేలికి తెలియలేదు. అన్నయ్య లాగే చూశానని తర్వాత తట్టింది, ఎందుకో చిరాకేసింది.

అన్నయ్య వచ్చి నిలబడ్డాడు. రిమ్ము మీద బూడిదరంగు ప్రైమరు పూత ఆరుతోంది.

"బాగానే చేస్తున్నావే."

"ఇంకా రంగు వెయ్యాలి. ఆ పైన మెరుపుకి గాజు పూత."

"చెయ్యనివాడైతే ఇంత కష్టపడతాడా?" అన్నాడు అన్నయ్య, మెత్తగా, తేల్చేసినట్టు.

చిన్నోడి చేతిలో స్ప్రే డబ్బా ఊపడం ఆగింది. లోపలి గోళీ టక్కున అడుగుకి పడింది. పొద్దుట్నుంచి గోనెపట్టా మీద కూర్చుని తను చేసింది ఏమిటో అప్పుడర్థమైంది. గీత చెరపలేదు; సంతకం పెట్టాడు.

"అన్నయ్యా, ఇందులో ఎర్ర రంగు—"

"అయిపోయిందిగా, వదిలెయ్. చూసుకుని నడపాలి, అంతే."

"తాళంచెవి?"

"చూద్దాంలే," అని అన్నయ్య వెళ్లిపోయాడు.

డబ్బా జానెడు దూరంలో పట్టుకుని, రిమ్ము బయట మొదలుపెట్టి బయటే ఆపుతూ, పల్చగా పూత మీద పూత వేశాడు. చెయ్యి ఎక్కడైనా ఆగితే రంగు కారుతుంది. మనసులో ఎంత మంట ఉన్నా చెయ్యి ఆగలేదు. సాయంత్రానికి గాజు పూత కూడా వేసి, లోపలికి కేకేశాడు: "రేపు సాయంత్రం దాకా బండి కదపొద్దు! ముక్కలు కూడా తియ్యొద్దు! పచ్చిగా ఉంది!"

"అలాగేలే," అంది వదిన. అన్నయ్య ఏమన్నాడో వినపడలేదు.

సోమవారం పొద్దున అమ్మకి మోకాలు వాచింది. చిన్నోడు ముందే బస్సులో షాపుకి వెళ్లిపోయాడు, ఇస్త్రీపెట్టె వేడెక్కించాలని కాదు గానీ, ఒకే కారులో కూర్చుని పోవడం ఇష్టం లేక. తను వెళ్లాక అన్నయ్య అమ్మని కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాడని వదిన షాపుకి ఫోను చేసి చెప్పింది. అన్నయ్య షాపుకి వచ్చింది మధ్యాహ్నం, ఆటోలో. ఎవరితోనూ మాట్లాడకుండా కటింగు బల్ల దగ్గర నిలబడి, సుద్ద తీసి, పెట్టేసి, మళ్లీ తీశాడు. ఒక్క గుడ్డా కొయ్యలేదు.

సాయంత్రం చిన్నోడు షెడ్డులోకి వెళ్లాడు. నిన్నంతా రుద్ది నున్నగా చేసిన చోటే, అచ్చంగా అక్కడే, కొత్త గీత. లప్పం పెళ్లలా లేచిపోయింది. పేపరు చిరిగి వేళ్లాడుతోంది. సగం ముక్కలు ఊడిపోయాయి. ఆఠీను రాణి మాత్రం రిమ్ములో ఇరుక్కుని ఉంది, మెడ దగ్గరకి చిరిగి, గట్టు ఎర్ర రంగు పూసుకుని.

ముందు ఏడుపొచ్చినంత పనైంది. ఆ వెంటనే గుండె ఎగిరింది. నా దగ్గర తాళంచెవి లేదు! నిన్న రంగేశాక బండి ముట్టుకోలేదు! నేను కాదు. ఇదే కాదు, మొదటిదీ నేను కాదు. రాణిని లాగి చేతిలో పట్టుకున్నాడు. అందర్నీ పిలుస్తా. అమ్మని, వదిన్ని, షాపులో వాళ్లని కూడా. అందరి ముందూ ఈ ముక్క ఆయన చేతిలో పెట్టి, 'ఎడమ పక్క చూసుకో అన్నయ్యా' అంటా. మాటలన్నీ వరసలో నిలబడ్డాయి, ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు.

గేటు చప్పుడైంది. ముందు ఈ గీత చూసినప్పుడు ఆయన మొహం చూడాలి, ఆ తర్వాతే అందర్నీ పిలవాలి అనుకుంటూ, పాత సామాన్ల బీరువా వెనక్కి తప్పుకున్నాడు.

అన్నయ్య షెడ్డులోకి వచ్చి చక్రం ముందు కూర్చున్నాడు. ఎడమ కన్ను మీద అరచెయ్యి పెట్టుకుని చక్రాన్ని చూశాడు. చెయ్యి తీసి, కుడి కన్ను మూసుకున్నాడు. అలాగే ఉండిపోయాడు. తర్వాత రెండో చెయ్యి మెల్లగా చాచాడు. చెయ్యి చక్రానికి తగల్లేదు, దాని పక్కన గాలిలో వెతికింది. టైరు తగిలాక, దాన్ని పట్టుకుని పాకుతూ రిమ్ము దాకా వచ్చి, గీత మీద ఆగింది.

మళ్లీ మొదట్నుంచి. ఈ కన్ను. ఆ కన్ను. బడిలో పిల్లాడు లెక్క తప్పొచ్చినప్పుడు మళ్లీ మళ్లీ చేసి చూస్తాడే, అలా. ప్రతిసారీ ఒకటే జవాబు వస్తోంది కాబోలు, పెదవులు ఊరికే కదులుతున్నాయి.

చిన్నోడి చేతిలో రాణి చెమటకి మెత్తబడింది. గ్లాసు, గుమ్మం, ఇవాళంతా కొయ్యని కత్తెర, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఇన్నాళ్లు కోరుకున్న ఘడియ ఇదే. అడుగు ముందుకేస్తే చాలు. కాలు ముందుకి పోలేదు. ఎందుకు పోలేదో తనకే తెలియలేదు. జాలా? భయమా? దొరికిందనుకున్న గెలుపు చేతిలో ఇంత పల్చగా ఉందేమిటి? అన్నయ్య లేచి, గోడ పట్టుకుని, ఇంట్లోకి వెళ్లేదాకా బీరువా వెనకే నిలబడ్డాడు.

భోజనాలయ్యాక అమ్మ పేక లెక్కపెట్టుకుంది.

"ఒరేయ్, ఆఠీను రాణి ఏదిరా?"

అన్నయ్య పళ్లెం ముందు నుంచి లేవబోతూ ఆగాడు.

"రంగంటుకుని పాడైపోయిందమ్మా," అన్నాడు చిన్నోడు. "నేనే పారేశా."

"చెప్పానా! నీకు ఏది ఇచ్చినా ఇంతే."

"ఇంతేలే అమ్మా."

అన్నయ్య తలెత్తి తమ్ముణ్ణి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏ కంటితో చూశాడో చిన్నోడికి తెలియలేదు.

పొద్దున చిన్నోడు కిందికి దిగేసరికి తాళంచెవి మేకు మీద ఉంది. అన్నయ్య కారు దగ్గర నిలబడి ఉన్నాడు, గుడ్డ లేకుండా. కుడి తలుపు దాకా వెళ్లి, దాని పిడి మీద చెయ్యి వేసి, తీసేశాడు. బానెట్టు మీద చెయ్యి ఆనించుకుంటూ ముందు నుంచి చుట్టూ తిరిగి, అమ్మ కూర్చునే సీట్లో కూర్చున్నాడు.

"పోనీ," అన్నాడు.

"ఎక్కడికి?"

"కంటాసుపత్రికి. మీ వదినకి చెప్పకు. గుడ్డ కొనడానికని చెప్పా."

చిన్నోడు బండి తీశాడు. గేటు దగ్గర ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారు. ఎర్ర గట్టు ఎడమ పక్క నుంచి నిమ్మళంగా వెనక్కి వెళ్లింది.

"దాటామా?"

"దాటాం."

"పొగమంచులా ఉందిరా ఆ కంట్లో. ఎప్పట్నుంచో తెలీదు. రెండోది బాగుంది కదా, అది ఏదీ తెలియనివ్వలేదు." కన్ను నలుపుకుని, "అమ్మ పక్కనే ఉంది నిన్న. 'ఏదో కర్రుమందిరా' అంది. నీ మోకాలే అన్నాను," అన్నాడు. నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

చిన్నోడు గేరు మార్చాడు. కోపం ఉందా అని లోపల వెతుక్కున్నాడు. ఉంది, ఎక్కడికీ పోలేదు. కాని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నాలుగు రోడ్ల దగ్గర కుడి పక్క లైటు వేశాడు. కంటాసుపత్రి అటే.

"ముందు ఎడమకి తిప్పు," అన్నాడు అన్నయ్య.

"ఎడమకి ఏముంది?"

"తాత ఇల్లు."

కాజాల తాత గుమ్మంలో కూర్చుని ఎవరిదో పిల్లల గౌను అంచు మడుస్తున్నాడు. కారు ఆగితే లేవలేదు. అన్నయ్య తలుపు తీసి, కాలితో ఫుట్‌పాత్ అంచు వెతుక్కుని దిగాడు. చిన్నోడు ఇటు దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. తాత ముందు మనుషుల్ని చూడలేదు, చక్రాన్ని చూశాడు. కోటు చినిగిందా అన్నట్టు చూశాడు.

"అంత బండికి అదేం గీత? ఎవరు తగిలించారు?"

"నే—" అని చిన్నోడి నోటికి వచ్చేసింది. అలవాటైపోయినట్టుంది.

"నేను," అన్నాడు అన్నయ్య. "వాడు బాగుచేశాడు. నేను మళ్లీ తగిలించాను." కారు తలుపు వేశాడు. "ఆ కోటు మీద సుద్ద గీత పెట్టింది కూడా నేనే తాతా."

తాత చేతిలో సూది గుడ్డలోకి సగం దిగి ఉంది. దాన్ని అవతలికి లాగాడు, ముడి వేశాడు, దారం పళ్లతో పుటుక్కున తెంపాడు. "అది నాకు తెలుసు," అన్నాడు. "మీకు తెలియాలనే చూస్తున్నా." రానని గాని, వస్తానని గాని అనలేదు. గౌను మడిచి పక్కన పెట్టి, లేచి, గుమ్మంలోంచి జరిగి దారి ఇచ్చాడు.

"లోపలికి రండి. ఎడమ పక్క మెట్టుంది, చూసుకోండి మాస్టరూ."

అన్నయ్య అడుగు వెయ్యబోయి ఆగిపోయాడు. చిన్నోడు వెనక నుంచి తిరిగి ఆయనకి ఎడమ పక్కకి వచ్చి నిలబడ్డాడు.